గంధమా, బూడిదా? ఒక గది, రెండు రంగులు, తేలని పంచాయితీ

మా ముందుగదికి ఏడేళ్ల కింద లేత బూడిద రంగు వేయించాం. షాపువాళ్లిచ్చే రంగుల కార్డు మీద చూస్తే ఎంత హుందాగా ఉందో! పెయింటర్ ఒకటికి రెండుసార్లు ఆలోచించుకోమన్నా వినలేదు. మూడో రోజు సాయంత్రం ట్యూబులైటు వేసేసరికి నాలుగు గోడలూ లేత వంకాయ రంగులో తేలాయి. అమ్మ గడప దగ్గరే ఆగి, "గిదేంది బిడ్డా, ఇల్లు దవాఖాన లెక్క కొడుతున్నది" అంది. కాదు, అది బూడిదేనని ఏడేళ్లు వాదించాను, పగటిపూట ఫొటోలు తీసి మరీ చూపించాను. కానీ రాత్రి అన్నం తినేటప్పుడు నాకూ వంకాయలాగే కనిపించేదని ఇప్పుడు ఒప్పుకోక తప్పదు.

ఈ ఏడు బతుకమ్మ లోపు మళ్లీ రంగులు వేయిద్దామనుకోగానే పంచాయితీ మొదలైంది. అమ్మకు లేత గంధం రంగు కావాలి. మా ఆవిడకు బూడిదే కావాలి, కాకపోతే "ఈసారి సరైన బూడిద". హన్మకొండ చౌరస్తా దగ్గరి షాపులో రెండు కార్డులూ పక్కపక్కన పెట్టుకుని అరగంట నిలబడ్డాం. షాపతను టీ కూడా తెప్పించాడు పాపం. ఏమీ తేలలేదు. తర్వాత కూర్చుని చదివి, ఇంట్లో అట్టల మీద రంగులేసి చూశాక అర్థమైంది, మేం చూసే పద్ధతిలోనే తప్పుందని. రెండు రంగుల్ని పక్కపక్కన పెట్టి చూస్తున్నాం. రేపు గోడ మీద ఉండేది ఒక్కటే కదా, రెండోది దాని పక్కన ఉండదు.

పక్కన ఏముందన్నదాన్ని బట్టి రంగు మారిపోతుంది. అంటే రంగు మారదు, మన కంటికి మారినట్టు కనబడుతుంది. ఫ్రాన్సులో మిషెల్ యూజీన్ షెవ్రోల్ అనే రసాయన శాస్త్రవేత్త ఉండేవాడు. పారిస్‌లో గోడకు వేలాడదీసే బొమ్మల వస్త్రాలు నేసే గోబ్లాఁ కార్ఖానాలో అద్దకం పని ఆయన చేతుల మీదుగా నడిచేది. నల్లదారం సరిగ్గా నల్లగా రావడం లేదని అక్కడ ఫిర్యాదు వచ్చింది. ఆయన దారం తీసి చూస్తే అద్దకంలో ఏ లోపమూ లేదు, ఆ నలుపు పక్కన నేసిన నీలం, ఊదా రంగుల వల్లే అది వెలిసినట్టు కనిపిస్తోంది. ఆ పరిశీలనలన్నీ 1839లో అచ్చు వేయించాడు. అంత దూరం ఎందుకు, మన వరంగల్ కొత్తవాడలో నేసే దర్రీ (జంపఖానా) ఒకటి పరిచి చూడండి, ఒకే ఎరుపు నల్లపట్టీ పక్కన వెలుగుతూ ఉంటుంది, పసుపు పక్కన ముదురుగా దిగిపోతుంది.

కన్ను చేసే పనేమిటంటే, పక్కపక్కన ఉన్న రెండింటి మధ్య తేడాను కాస్త పెంచి చూపిస్తుంది. గంధం పక్కన బూడిద పెడితే, గంధంలో పసుపు ఉంది కాబట్టి బూడిదను దాని ఎదురు దిక్కుకు, అంటే నీలం వైపు నెడుతుంది. బూడిద పక్కన గంధం ఉన్నదానికన్నా పసుపుగా కనబడుతుంది. అంటే షాపులో అమ్మ చూసిన బూడిద, మా ఆవిడ చూసిన గంధం, రెండూ ఉన్నదానికంటే ఘోరంగా కనిపించాయన్నమాట. ఇద్దరూ ఎదుటివాళ్ల రంగును వద్దన్నారు, ఇద్దరి తప్పూ లేదు.

మా వంకాయ మిస్టరీ కూడా సగం ఇక్కడే విడిపోయింది. మా ముందుగదిలో నేల టాన్ బ్రౌన్ గ్రానైట్, కరీంనగర్ వైపు క్వారీల నుంచి వచ్చే ఎర్రగోధుమ రాయి. తలుపు, కిటికీలు టేకు. చుట్టూ అంత గోధుమ రంగు పెట్టుకుని మధ్యలో ఒక బూడిద గోడ నిలబెడితే అది నీలం వైపు పోక ఏం చేస్తుంది? అదే బూడిద, నీలిబూడిద రంగు తాండూరు బండ పరిచిన ఇంట్లో చక్కగా బూడిదలాగే ఉండొచ్చు. మా మేనమామ ఇంట్లో అలాగే ఉంది, దాన్ని చూసే కదా మేం మోసపోయింది.

మిగతా సగం ఆ రంగులోనే ఉంది. అచ్చమైన బూడిద అంటూ షేడ్ కార్డులో దాదాపు ఉండదు. తెల్ల బేస్‌లో మిషన్ కాస్త నలుపు, దానితో పాటు ఒక చుక్క నీలమో, ఊదానో, పసుపో, ఆకుపచ్చో వేస్తుంది. ఆ చుక్కే లోపలి ఛాయ. ఈ సంగతి మన పెద్దవాళ్లకు బాగా తెలుసు. వెల్ల వేసేటప్పుడు సున్నంలో చిటికెడు నీలిమందు కలిపేవాళ్లు, గుర్తుందా? సున్నంలో ఉండే కొద్దిపాటి పసుపుదనాన్ని ఆ నీలం తినేస్తుంది, గోడ ఇంకా తెల్లగా కనిపిస్తుంది. చెయ్యి జారి ఎక్కువ పడితే గోడంతా నీలంగా కొట్టేది. నేను ఏడేళ్ల కింద చేసిన తప్పు అదే, కాకపోతే డబ్బులిచ్చి మిషన్‌తో చేయించుకున్నాను.

లోపలి ఛాయ కనిపెట్టడం పెద్ద విద్యేమీ కాదు. కార్డులో మీరు ఎంచుకున్న లేత రంగును కాసేపు పక్కన పెట్టి, అదే పట్టీలో అన్నిటికన్నా ముదురు రంగు చూడండి. పట్టీ చివర ఉన్నది ఊదాగా ఉంటే పైన ఉన్న లేత బూడిదలోనూ చాలావరకు ఆ ఊదా దాక్కుని ఉంటుంది. కొన్ని కంపెనీల కార్డుల్లో పట్టీలు ఇలా వరసగా ఉండవు, అప్పుడు ఓ తెల్ల కాగితం మీద పెట్టి చూస్తే సరిపోతుంది. పక్కన తెలుపు ఉంటే దాచుకున్న రంగు బయటపడుతుంది. రంగు పేర్లను మాత్రం అస్సలు నమ్మొద్దు, ఒక కంపెనీ ఐవరీ ఇంకో కంపెనీ ఐవరీ కాదు. చూడాల్సింది కోడ్ నంబరు.

ఇప్పుడు అసలు విషయానికొద్దాం. కార్డు ముక్క అగ్గిపెట్టెంత ఉంటుంది. దాని మీద పడిన వెలుగు ఒక్కసారి తిరిగి వచ్చి కంట్లో పడుతుంది, అంతే. గదిలో అలా కాదు. బల్బు వెలుగు ఒక గోడకు తగిలి, అక్కడి నుంచి ఎదురు గోడకు, అక్కడి నుంచి ఇంకో గోడకు తిరుగుతుంది. ప్రతి తాకిడికీ గోడ తనకు నచ్చినంత తిప్పి పంపి మిగతాది మింగేస్తుంది. చిన్న లెక్క చూద్దాం, అంకెలు కేవలం లెక్క కోసం. గంధం రంగు తన మీద పడిన ఎరుపు వెలుగులో 80 శాతం, నీలం వెలుగులో 55 శాతం తిప్పి పంపుతుందనుకోండి. రెండో తాకిడికి అవి 64, 30 అవుతాయి. మూడో తాకిడికి 51, 17. మొదట్లో ఎరుపు నీలానికి ఒకటిన్నర రెట్లు కూడా లేదు, మూడో గోడ దగ్గరకొచ్చేసరికి మూడు రెట్లయింది. కార్డు మీద లేత గంధంగా ఉన్నది నాలుగు గోడలకూ వేస్తే పసుపు ముద్ద అయిపోయేది ఇందుకే.

బూడిదకు అదే లెక్క వేయండి. ఎరుపు 62, నీలం 64 అనుకుందాం. మూడు తాకిడుల తర్వాత 24, 26 దగ్గర ఆగుతాయి. రంగు పెద్దగా మారలేదు గానీ వెలుగు పడిపోయింది. ఈ రెండు రంగుల స్వభావం నాకు ఈ లెక్కతోనే పట్టుబడింది: గదిలో గంధం పండుతుంది, బూడిద మసకేస్తుంది. అందుకే కార్డులో నచ్చినదానికన్నా ఒక మెట్టు లేతది తీసుకొమ్మని అనుభవమున్న పెయింటర్లు చెబుతారు. మా పెయింటరన్న కూడా ఏడేళ్ల కింద అదే చెప్పాడు. కాకపోతే ఆయన "జర లేతది తీస్కో సార్" అని ఊరుకున్నాడు, నేనేమో డబ్బులు మిగుల్చుకోవడానికి అంటున్నాడనుకున్నాను. లేత రంగైతే డబ్బులెట్లా మిగులుతాయో ఇప్పటికీ నాకు తెలియదు.

కొన్ని కంపెనీలు తమ రంగుల వివరాల్లో ఎల్‌ఆర్‌వీ అని ఒక అంకె ఇస్తాయి. పడిన వెలుగులో ఎంత తిరిగొస్తుందో చెప్పే అంకె అది, నలుపు 0, తెలుపు 100. గంధానికి 70, బూడిదకు 60 ఉందనుకోండి. పది అంకెల తేడా కార్డు మీద పెద్దగా తెలియదు. గది మొత్తం, పైకప్పు, నేలతో సహా అదే రంగు అనుకుని లెక్క కడితే మాత్రం గంధం గదిలో మూడు బల్బులు ఇచ్చే వెలుగు బూడిద గదిలో నాలుగు బల్బులు పెడితే గానీ రాదు. నిజంగా అయితే పైకప్పు తెల్లగా ఉంటుంది, నేల వేరే ఉంటుంది, తేడా అంత రాదు. కానీ కళ్లు సరిగ్గా కనబడని పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే ఈ ఒక్క అంకె కోసం షాపతన్ని సతాయించినా తప్పులేదు.

వెలుగు అన్నాం గానీ, ఏ వెలుగు? బల్బు డబ్బా మీద 2700, 3000, 4000, 6500 అని కెల్విన్లలో రాసి ఉంటుంది, చాలామందిమి దాన్ని చూడం, వాట్లు చూసి కొంటాం. 3000 అంటే పసుపు వెలుగు, హోటళ్లలో పెట్టేది. 6500 అంటే మన ఇళ్లలో వెలిగే తెల్లటి, కొంచెం నీలి జీర ఉన్న వెలుగు. మేం రెండు రంగులనూ రెండు రకాల బల్బుల కింద చూశాం. 6500 కింద గంధం అణిగి, మీగడ రంగులో మర్యాదగా ఉంది. అదే గంధం 3000 కింద, దేవుడి గదిలో పసుపు పూసిన గడపలా అయిపోయింది. బూడిద సరిగ్గా దీనికి ఉల్టా. 3000 కింద వెచ్చగా, పత్రికల్లో వేసే ఫొటోల్లోలాగా ఉంది, 6500 వేయగానే పాత కథే, దవాఖాన. అసలు గంధమా బూడిదా అన్న ప్రశ్నకు ముందు ఈ గదిలో ఏ బల్బు ఉంటుంది అన్న ప్రశ్న వేసుకోవాలని అప్పుడు వెలిగింది. బల్బు మార్చడం వందల్లో పని, గోడ మార్చడం వేలల్లో పని.

పగటి వెలుగు సంగతి ఇంకా తమాషా. యూట్యూబులో విదేశాల వాళ్ల వీడియోలు చూస్తే ఉత్తరం కిటికీ గదికి ఎప్పుడూ చల్లని నీలి వెలుగే వస్తుంది, వెచ్చని రంగే వేయండి అంటారు. లండన్‌కు అది చాలావరకు నిజం, అది 51 డిగ్రీల అక్షాంశం మీద ఉంది, అక్కడ మిట్టమధ్యాహ్నం సూర్యుడు ఏడాది పొడుగునా దక్షిణంగానే ఉంటాడు. వరంగల్ 18 డిగ్రీల దగ్గర ఉంది. మనకు మే మధ్య నుంచి జులై ఆఖరు దాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తి దాటి కొంచెం ఉత్తరానికే ఉంటాడు. మధ్యాహ్నపు ఎండను సజ్జ ఆపుతుంది గానీ, ఎండాకాలంలో పొద్దున్నే, సాయంత్రం పొద్దుగూకే ముందు ఉత్తరం కిటికీలోంచి ఎండ ఏటవాలుగా లోపలికి రావడం మా ఇంట్లో రోజూ చూస్తూనే ఉన్నాం. చలికాలంలో మాత్రం వాళ్లు చెప్పినట్టే, ఉత్తరం వైపు ఆకాశపు వెలుగు తప్ప ఎండ ఉండదు. కాబట్టి ఆ వీడియోల సలహా మనకు సగం ఏడాదికే పనికొస్తుంది.

దీనికన్నా పెద్ద చిక్కు మన కాలనీల్లో ఇంకొకటి ఉంది, అది ఏ వీడియోలోనూ చెప్పరు. పక్కిల్లు. మా పడమటి కిటికీకి ఐదడుగుల దూరంలో పక్కింటి గోడ, చిలకపచ్చ రంగు. దాని తూర్పు ముఖం మా వైపు ఉంది కాబట్టి మా ఇంటి మీదుగా పొద్దుటి ఎండ దాని పైభాగం మీద పడినంతసేపూ ఆ పచ్చటి వెలుగంతా మా గదిలోకే. పొద్దున ఎనిమిదింటికి గంధం అట్ట ఆ కిటికీ ఎదురు గోడకు ఆనించి పెడితే పచ్చి మామిడికాయ ముక్కలా పసరు రంగు తిరిగింది. బూడిద అట్ట కూడా కాస్త పచ్చబడింది గానీ అంత వికారంగా లేదు. పక్కింటివాళ్లను రంగు మార్చుకోమనలేం కదా. వాళ్లు మాకన్నా ముందు వేయించుకున్నారు, పైగా దసరాకు జమ్మి పెట్టి అలయ్ బలయ్ చేసుకునే మనుషులం. పలచటి తెల్ల కర్టెన్ వేస్తే సగం తగ్గింది.

అట్టల ముచ్చట కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇది చేసిన తర్వాతే మా ఇంట్లో గొంతులు తగ్గాయి. గోడ మీద చిన్న చిన్న చదరాలు వేసి చూడటం అందరూ చేసే పని, మేమూ మొదట అదే చేయబోయాం. కానీ గోడ మీద పాత రంగు ఉంది కదా, మా పాత వంకాయ మధ్యలో ఏ రంగు చదరం వేసినా అది పసుపు వైపే కనిపిస్తుంది. అందుకని స్టేషనరీ షాపులో రెండు పెద్ద మందపాటి తెల్ల అట్టలు తెచ్చి, చుట్టూ అంచు తెల్లగా వదిలేసి, ఒక్కోదానికి రెండు కోటింగులు వేశాం. ఎమల్షన్ తడిగా ఉన్నప్పుడు లేతగా ఉండి ఆరాక కొంచెం ముదురుతుంది, కాబట్టి తడి మీద చూసి ఎవరూ ఏమీ అనకూడదని ముందే ఒప్పందం. కొన్ని కంపెనీలు 200 మిల్లీలీటర్ల చిన్న డబ్బాలు అమ్ముతాయి, రెండు అట్టలకు అవి చాలు.

అట్టను నేల మీద పరిచి చూడకూడదు, గోడలాగా నిలబెట్టాలి, పైనుంచి పడే వెలుగు నిలువు గోడ మీద వేరేగా పడుతుంది. కిటికీ ఉన్న గోడ మీద ఒకసారి, దాని ఎదురు గోడ మీద ఒకసారి, బీరువా పక్క మూలలో ఒకసారి. కిటికీ ఉన్న గోడ పగటిపూట సాధారణంగా మిగతా గోడల కన్నా చీకటిగా ఉంటుంది, అదే రంగు అక్కడ ఒక మెట్టు ముదురుగా కనబడుతుంది, కంగారు పడాల్సిన పనిలేదు. ముఖ్యంగా మేం పెట్టుకున్న షరతు, రెండు అట్టలూ ఒకేసారి గదిలో ఉండకూడదు. మొదటి రెండు రోజులు గంధం మాత్రమే, బూడిద అట్ట బీరువా వెనక. తర్వాతి రెండు రోజులు బూడిద మాత్రమే. మొదటి పూట ఏదైనా వింతగానే ఉంటుంది, రెండో రోజుకు కన్ను అలవాటు పడిన తర్వాత కూడా ఇబ్బందిగా ఉంటే ఆ ఇబ్బంది లెక్కలోకి వస్తుంది.

ఫొటోలు తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టొద్దు. నేను పెట్టాను. హైదరాబాద్ తమ్ముడు బూడిద అన్నాడు, కరీంనగర్ చెల్లె గంధం అంది, బావ ఇంకేదో మూడో రంగు పంపాడు. ఫోన్ కెమెరా తనంతట తానే తెలుపును సర్దుకుంటుంది, గది పసుపుగా ఉంటే కాస్త నీలం కలిపి చూపిస్తుంది, అంటే మనం తేల్చుకోవాలనుకున్న విషయాన్నే అది చెరిపేస్తుంది. ఆపైన ఒక్కో ఫోన్ తెర ఒక్కో రకం. వాళ్లు ఓటేసింది మా గోడకు కాదు, వాళ్ల ఫోన్‌కు.

ఇంకొక్క అపోహ. నీలం, బూడిద వేస్తే గది చల్లగా ఉంటుందని, గంధం వేస్తే ఉడుకని అంటుంటారు. లోపలి గోడ రంగుతో గదిలో ఉష్ణోగ్రత చెప్పుకోదగ్గంత మారదు. ఎండకు కాగేది స్లాబ్. దాని మీద ఎండను తిప్పికొట్టే తెల్ల పూత వేస్తే తేడా నిజంగానే తెలుస్తుంది, తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది అందుకే. లోపల నీలం చూస్తే చల్లగా అనిపించడం మనసుకు సంబంధించినది, అది కూడా వద్దనడం లేదు, కానీ ఫ్యాన్ స్పీడు తగ్గించుకోవచ్చనుకోకండి.

నాలుగు రోజులయ్యాక అడగాల్సిన ప్రశ్న మారిపోయింది. ఏ రంగు బాగుంది అని కాదు, ఈ గదిలో ఎవరు ఎప్పుడు కూర్చుంటారు అని. ముందుగదిలో పొద్దున ఎవరూ ఉండం, నేను డ్యూటీకి, పిల్లలు బడికి. అమ్మ సాయంత్రం ఐదు నుంచి పడుకునేదాకా అక్కడే, ట్యూబులైటు కింద. పసుపు బల్బులు పెడదామంటే ససేమిరా అంది, "జీరో బల్బు లెక్క గుడ్డి వెలుగు నాకొద్దు బిడ్డా, బియ్యంల రాళ్లు కనవడయి." మా ఆవిడ కూడా నవ్వింది. ట్యూబులైటు ఉండాలి, వెలుగు ఎక్కువ కావాలి, నేల గోధుమ రంగు. మూడూ గంధం వైపే. పొద్దున ఆ పసరు రంగు వస్తే రానీ, అప్పుడు చూసేవాళ్లెవరు. కార్డులో అమ్మ వేలు పెట్టినదానికి ఒక మెట్టు లేతది తీసుకున్నాం.

కొనేటప్పుడు ఒక జాగ్రత్త. మా గది చుట్టుకొలత 52 అడుగులు, ఎత్తు 10, తలుపులూ కిటికీలూ పోను సుమారు 430 చదరపు అడుగుల గోడ, లప్పం పెట్టి నునుపు చేసిన గోడకు రెండు కోటింగులకు ఏడు లీటర్ల దాకా పట్టింది. మిషన్ మీద కలిపిన రంగు వాపసు తీసుకోరు, అందుకని సగం తెచ్చుకుని తక్కువైతే మళ్లీ తెచ్చుకుందాం అనిపిస్తుంది. అలా చేస్తే రెండోసారి కలిపినది వెంట్రుకవాసి తేడాగా రావొచ్చు, అది గోడ మధ్యలో బయటపడుతుంది. ఒకేసారి తెచ్చి, డబ్బాలన్నీ ఒక పెద్ద టబ్బులో పోసి కలిపాకే రోలర్ ముంచమని పెయింటర్‌కు చెప్పండి. మూత మీద కోడ్ ఉన్న స్టిక్కర్ ఫొటో తీసి దాచుకోండి, రేపు స్విచ్‌బోర్డు పక్కన టచప్‌కు అదే ఆధారం. కోడ్ లేకుండా వేరే కంపెనీలో కంటితో చూసి కలిపించుకుంటే, పగటి వెలుగులో కలిసిపోయిన మచ్చ రాత్రి ఎల్‌ఈడీ కింద వేరే రంగై లేచి కూర్చుంటుంది, రెండింటిలో వాడిన రంగు పొడులు వేరు కాబట్టి.

గది పూర్తయిన రోజు సాయంత్రం అమ్మ వచ్చి చూసి, "ఇంత తెల్లగేసిన్రేంది, గంధం ఏది?" అంది. లైటు ఆర్పి మళ్లీ వేశాను. మూడో రోజుకు ఆ మాట మానేసింది. పడకగదికి సంక్రాంతి తర్వాత అనుకుంటున్నాం, అక్కడ నేల తాండూరు బండ, బల్బులు 3000వి. బూడిద అట్ట ఇంకా బీరువా వెనకే ఉంది, మా ఆవిడ పారేయనివ్వడం లేదు.